తాతయ్య పటాలం నుంచి అగ్నివీర్ దాకా: సైనిక జీవితం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడేనికి దగ్గర్లో ఒక పల్లె. మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు లారీ నడిపారు. మా నాన్న 1963లో ఫిరంగి దళమైన ఆర్టిలరీలో చేరారు. నేను 1995 నుంచి 2019 దాకా సైన్యం సమాచార వ్యవస్థను చూసే సిగ్నల్స్‌లో పనిచేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. మా అన్నయ్య కొడుకు 2023లో నాలుగేళ్ల సర్వీసు పథకం కింద అగ్నివీర్‌గా వెళ్లాడు. సైన్యంలో చేర్చుకునే ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు మా అరుగు మీద కూర్చుని అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మన తెలుగువాళ్లు సైన్యంలోకి ఎప్పటి నుంచి వెళ్తున్నారు?

ఈస్టిండియా కంపెనీ రోజుల నుంచీ. తొలి సిపాయిల్లో మనవాళ్లు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయిని చాలాకాలం 'తిలంగా' అనే పిలిచేవారు. 1857లో ఢిల్లీకి వచ్చిన తిరుగుబాటు సిపాయిలు ఎక్కువమంది అవధ్, బీహార్ వైపు వాళ్లే అయినా, జనం వాళ్లనూ తిలంగాలనే అన్నారు. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు, తెలియాలి.

అంతకు ముందే, 1806 జూలై 10న వేలూరు కోటలో మద్రాసు సైన్యం తిరగబడింది. కొత్త రకం తలపాగా పెట్టుకోవాలి, నుదుట బొట్టు ఉండకూడదు, చెవిపోగులు తీసేయాలి అన్న హుకుం అందుకు పెద్ద కారణం. పందొమ్మిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి 'యుద్ధానికి పుట్టిన జాతులు' కొన్నే ఉంటాయనే సిద్ధాంతం పెట్టుకుని ఇంగ్లీషువాళ్లు దక్షిణాది పటాలాలను తగ్గించేశారు. ఆ మాట ఎంత తప్పో రెండో ప్రపంచ యుద్ధం చూపించింది. 1939లో రెండు లక్షల చిల్లర ఉన్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలు దాటింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లెక్కకు మించి వెళ్లారు. మా పక్కనే ఉన్న మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఆ ఊళ్లో తరం తర్వాత తరం సైన్యంలోకి వెళ్తూనే ఉంది.

అప్పట్లో ఎలా చేర్చుకునేవారు? ఇప్పుడెలా?

తాతయ్యను ఎత్తు, బరువు, ఛాతీ కొలిచి, నోరు తెరిపించి పళ్లు చూసి తీసుకున్నారట. చదువు అడగలేదు. వేలిముద్ర వేసి రైలెక్కారు. ఎందుకెళ్లావు తాతయ్యా అని అడిగితే, "రెండు పూటలా అన్నం పెడతామన్నారురా" అనేవారు. ఆ ఒక్క మాట తప్ప ఇంకో కారణం ఆయన నోట నేను వినలేదు.

నాన్న వెళ్లింది చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. సైన్యాన్ని గబగబా పెంచుతున్న రోజులు. అప్పుడే కొత్తగా పెట్టిన గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ఆయన ట్రైనింగ్. నా కాలానికి పదో తరగతి మార్కుల లిస్టు, తెల్లవారుజామున మూడింటికి గ్రౌండ్ బయట లైను, చేతి మీద స్కెచ్ పెన్నుతో రాసిన నంబరు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అప్లై చేసి ముందు కంప్యూటర్ పరీక్ష రాయాలి. పాసైనవాళ్లనే ర్యాలీకి పిలుస్తారు. 2023 నుంచి ఈ పద్ధతి. 1.6 కిలోమీటర్ల పరుగు, 9 అడుగుల గొయ్యి దూకడం, బీమ్ పట్టుకుని ఒళ్లు పైకి లాగడం మాత్రం అలాగే ఉన్నాయి. మన వైపు రిక్రూటింగ్ ఆఫీసులు గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాదుల్లో ఉన్నాయి. మధ్యలో ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి.

జీతం ఎంత మారింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయి నెల జీతం 11 రూపాయలు. ఏడో వేతన సంఘం వచ్చాక, 2016 జనవరి నుంచి సిపాయి మూల వేతనం 21,700. దాని మీద మిలిటరీ సర్వీస్ పే 5,200, కరువు భత్యం, పోస్టింగ్‌ను బట్టి మిగతా అలవెన్సులు. అగ్నివీర్‌కు మొదటి ఏడాది నెలకు 30,000. నాలుగో ఏడాదికి 40,000. అందులో 30 శాతం, సర్వీసు చివర ఇచ్చే సేవా నిధికి పోతుంది కాబట్టి మొదట్లో చేతికి వచ్చేది 21,000.

నాన్న జీతం తీసుకునే రోజు పే పరేడ్ ఉండేది. లైన్లో నిలబడి సెల్యూట్ కొట్టి, నోట్లు లెక్కపెట్టుకుని, సంతకం చేసి, అందులోంచి ఇంటికి మనియార్డర్ కట్టేవారు. పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వింటే మా అమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వచ్చేది. ఇప్పుడు మా వదిన ఫోనుకు మెసేజ్ వస్తుంది, అంతే.

తిండి, భాష విషయంలో మనవాళ్లకు ఇప్పటికీ ఇబ్బందేనా?

మొదటి మూడు నెలలు ఇబ్బందే. మద్రాస్ రెజిమెంట్లో అన్నం, సాంబారు దొరుకుతాయి. మిగతా చోట్ల లంగర్లో, అంటే వంటశాలలో, ఎక్కువగా రొట్టె, పప్పు. నేను జబల్పూర్‌లో దిగిన వారానికి అమ్మకు ఉత్తరం రాస్తూ ఆవకాయ పంపమన్నాను. అది వచ్చిన రోజు బ్యారక్‌లో పదిమంది చుట్టూ చేరారు. బీహార్ కుర్రాడొకడు ఒక్క ముద్ద తిని నీళ్ల కోసం పరిగెత్తాడు. మర్నాటి నుంచి వాడే ముందు గిన్నె పట్టుకుని వచ్చేవాడు.

భాష సంగతికొస్తే, తాతయ్య తరానికి ఇంగ్లీషు లిపిలో రాసిన హిందుస్తానీ నేర్పేవారు. చదువు రానివాళ్లు కూడా పటాలంలోనే అక్షరాలు దిద్ది, ఆర్మీ పెట్టే పరీక్షలు పాసయ్యేవారు. తాతయ్య తెలుగు సంతకం నేర్చుకున్నది కూడా పక్క మంచం మీది గుంటూరాయన దగ్గరే. ఇప్పటి కుర్రాళ్లకు యూట్యూబ్ పుణ్యమా అని హిందీ కొంత ముందే వస్తోంది. రాకపోయినా భయపడొద్దు. ఆర్నెల్లలో కలలు కూడా హిందీలోనే వస్తాయి.

శిక్షణ ఇచ్చే ఉస్తాదులు ఇప్పటికీ కొడతారా?

రగడా అనే మాట మాత్రం పోలేదు. తప్పు చేస్తే పిట్టూ (బరువు సంచి) వీపున వేసుకుని గ్రౌండ్ చుట్టూ పరుగు, మోచేతుల మీద పాకడం ఉంటాయి. చేయి చేసుకోవడం నా కాలం నుంచే తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు వచ్చే పిల్లలు ఇంటర్, డిగ్రీ చదివినవాళ్లు. "ఎందుకు?" అని అడుగుతారు. దాన్ని పొగరు అనుకునే పాతవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. కారణం తెలిసి చేసినవాడు రాత్రి పూట ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ పని సరిగ్గా చేస్తాడు.

ఆయుధాలు, బట్టలు ఎంత మారాయి?

1962లో చాలా దళాలు మైదాన ప్రాంతాల బట్టలతో, కాన్వాసు బూట్లతో హిమాలయాలు ఎక్కాయి. చేతిలో ఒక్కో గుండుకూ బోల్టు లాగాల్సిన .303 రైఫిల్. ఆ ఏడాది నవంబర్ 18న రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్, ఆయన వెంట ఉన్న 13 కుమావ్ బెటాలియన్ కంపెనీ చివరి గుండు దాకా పోరాడారు. 114 మంది అక్కడే ప్రాణాలు వదిలారు. ఆ యుద్ధం తర్వాతే సైన్యం తీరు మారింది. దానంతటదే గుండు ఎక్కే ఎస్ఎల్ఆర్ రైఫిల్ వచ్చింది. నాన్న పట్టుకున్నదీ, 1995లో నేను ట్రైనింగ్‌లో పట్టుకున్నదీ అదే. తర్వాత ఇన్సాస్ రైఫిల్ వచ్చింది. 2019లో అమెరికా నుంచి 72,400 సిగ్ రైఫిళ్లు కొన్నారు. ఇప్పుడు అమేథీ జిల్లా కోర్వాలో రష్యాతో కలిసి ఏకే-203 తయారవుతోంది.

బట్టలు ఎంత మంచివి వచ్చినా చలి చలే. 1999లో కార్గిల్ యుద్ధం రోజుల్లో మా పని కేబుల్ డ్రమ్ము మోసుకుంటూ లైన్ వేయడం. షెల్లింగ్‌కు లైన్ తెగితే రాత్రిపూట వెళ్లి అతకాలి. గ్లవ్స్ తీస్తే తప్ప తీగ మెలి తిరగదు, తీస్తే వేళ్లు మాట వినవు. నా కుడి చేతి చూపుడు వేలు కొస ఇప్పటికీ చలికాలంలో తెల్లబడుతుంది. సియాచిన్‌లో మనవాళ్లు 1984 ఏప్రిల్ 13 నుంచి ఉన్నారు. అంత సామాను, అంత శిక్షణ ఉన్నా 2016 ఫిబ్రవరి 3న 19 మద్రాస్‌కు చెందిన పదిమందిని అక్కడి మంచు మింగేసింది. వాళ్లలో మన కర్నూలు జిల్లా జవానూ ఉన్నాడు.

ఇంటికి కబురు పంపే పద్ధతి ఎలా మారింది?

ఈ ప్రశ్నకు కాస్త పొడుగ్గానే చెప్పాలి. మూడు తరాలకూ అసలైన తేడా ఇక్కడే ఉందని నా నమ్మకం. రైఫిల్ మారింది, జీతం మారింది. కానీ ఇంట్లో ఉన్నవాళ్ల బతుకును మార్చేసింది ఈ కబురే.

తాతయ్య ఉత్తరాలు సెన్సార్ దాటి వచ్చేవి. ఎక్కడున్నాడో రాయకూడదు. నానమ్మకు చదవడం రాదు. ఊళ్లో పంతులుగారు చదివి పెట్టేవారు. "ఉభయకుశలోపరి" అని మొదలై, ఆవు ఈనిందా, పొలం కౌలుకిచ్చారా అన్న ప్రశ్నలతో అయిపోయేవి. ఒక దాంట్లో రెండు వరుసల మీద సిరా పూసేశారట. అక్కడ ఏం రాశావని నానమ్మ బతికున్నన్నాళ్లూ అడుగుతూనే ఉండేదట. తాతయ్యకు గుర్తు లేదు.

నాన్న కాలానికి 56 ఏపీఓ, 99 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబర్లు. సైన్యంలో ఉన్నవాళ్ల అడ్రసు ఊరు పేరు లేకుండా అలాగే ఉంటుంది. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ. ఇన్‌లాండ్ లెటర్ చేరడానికి వారం నుంచి మూడు వారాలు. నానమ్మ పోయినప్పుడు ఇచ్చిన టెలిగ్రామ్ దారిలో ఎక్కడో ఆగిపోయి, పెద్దకర్మ అయిపోయిన మర్నాడు నాన్న చేతికి అందింది. తల్లికి తలకొరివి పెట్టలేకపోయానన్న బాధ ఆయన ఎప్పుడూ పైకి చెప్పలేదు. నేను సిగ్నల్స్‌కు సెలెక్టయ్యానని తెలిసిన రోజు మాత్రం, "ఎవరి ఇంటి కబురైనా నీ చేతిలో ఆగకూడదు" అన్నారు. ఇరవై నాలుగేళ్లు అది నా చెవిలో మోగుతూనే ఉంది.

నా కాలం ఎస్టీడీ బూతులది. మా ఇంట్లో ఫోను లేదు. వీధి చివర కిరాణా కొట్టుది పీపీ నంబరు. రాత్రి 11 దాటితే పావు ఛార్జీ. అందుకని అప్పుడే లైను కట్టేవాళ్లం. ఒకసారి చేసి "పిలవండి" అని పెట్టేయడం, పది నిమిషాలాగి మళ్లీ చేయడం. ఆ పది నిమిషాల్లో అమ్మ చీకట్లో చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేది. మీటర్ మీద ఎర్ర అంకెలు తిరుగుతుంటే సగం మాటలు మింగేసి "బాగున్నాను, పెట్టేస్తున్నా" అనేవాణ్ని.

ఇప్పుడు మావాడు డ్యూటీ లేనప్పుడు వీడియో కాల్ చేస్తాడు. వాళ్లమ్మ పప్పులో ఉప్పు ఎంత వేసిందో కూడా చూపిస్తుంది. అయినా జాగ్రత్తలున్నాయి. 2020 జూలైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు తీసేయమని సైన్యం ఆదేశించింది. మీవాడు ఎక్కడున్నాడో, ఎప్పుడు కదులుతున్నాడో మీరు కూడా ఎక్కడా పోస్ట్ చేయకండి, ఫోటోలు పెట్టకండి.

ఫోన్లు వచ్చాక ఇంట్లోవాళ్లకు టెన్షన్ తగ్గిందా?

తగ్గిందని నేనూ అనుకున్నాను. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ నడిచిన రోజుల్లో మావాడి ఫోన్ ఆగిపోయింది. వదిన వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు చూశాడో ఉన్న ఆ టైమును పట్టుకుని కూర్చుంది. రాత్రి 9:42. తెల్లారి లేచి చూసినా అదే. అన్నం ముందు కూర్చున్నా అదే. అప్పుడు మా అమ్మ ఒక మాట అంది. "మాకు నెలరోజులు ఉత్తరం లేకపోతే, పోస్టులో ఉందిలే అనుకునేవాళ్లం. దీనికి ఆ మాట చెప్పుకోవడానికి కూడా లేదు."

నాకు అప్పుడు తెలిసింది. ఎదురుచూపు పొడుగు తగ్గింది, పదును పెరిగింది. మా అమ్మకు ఇరవై రోజులు మామూలు. మా వదినకు ఒక్క రాత్రి భయం. టీవీలో రోజంతా గొంతు చించుకునే చర్చలు ఆ భయానికి ఇంకాస్త ఆజ్యం పోస్తాయి. మీ ఇంట్లో అలాంటి రోజులు వస్తే టీవీ కట్టేయండి. యూనిట్ ఇచ్చిన ఫ్యామిలీ నంబరు రాసి గోడకు అంటించుకోండి. ఫోన్ ఆగిందంటే చాలాసార్లు అది ఆజ్ఞ ప్రకారం ఆగినదే.

జవాను చనిపోతే అప్పుడు ఏం చేసేవారు, ఇప్పుడేం చేస్తున్నారు?

1962, 1965, 1971 యుద్ధాల్లో పోయినవాళ్లకు ఎక్కువగా అక్కడే, తోటి జవాన్లే దహనం చేసేవారు. ఇంటికి వచ్చేది టెలిగ్రామ్, తర్వాత ఒక పెట్టె. 1971లో పోయిన నాన్న స్నేహితుడి పెట్టెలో రెండు జతల బట్టలు, షేవింగ్ సామాను, సగం రాసిన ఇన్‌లాండ్ లెటర్ ఉన్నాయట. ముఖం చూడలేదు కాబట్టి ఆయన భార్య చాలా ఏళ్లు నమ్మలేదు. పండక్కి ఆయన పేరున ధోవతి కొని దాచేది.

1999 కార్గిల్‌తో ఇది మారింది. అమరుల పార్థివ దేహాలను సొంత ఊళ్లకు పంపడం అప్పుడు మొదలైంది. తోలోలింగ్ దగ్గర జూన్ 28న ప్రాణం ఇచ్చిన హైదరాబాదీ మేజర్ పద్మపాణి ఆచార్య పేరు అప్పుడే ఇంటింటికీ తెలిసింది. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. 2020 జూన్ 15న గల్వాన్‌లో 16 బీహార్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్ బాబు నేలకొరిగినప్పుడు సూర్యాపేట ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది. 2025 మేలో శ్రీసత్యసాయి జిల్లా తండాకు చెందిన అగ్నివీర్ నియంత్రణ రేఖ దగ్గర పోయినప్పుడూ అంతే. పోయినవాణ్ని కన్నవాళ్ల ముందుకు తీసుకురావడం దేశం చేయాల్సిన కనీస పని. అది 1999 దాకా ఆగడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

సెలవులు దొరుకుతాయా?

రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్. అగ్నివీర్‌కు 30 రోజులే. ఇంట్లో పెళ్లి ముహూర్తం పెట్టేముందు వాడిని అడిగి పెట్టండి. మా చెల్లి పెళ్లికి నేను అప్పగింతలు అయిపోయాక చేరాను.

ఆడపిల్లలు చేరవచ్చా?

చేరవచ్చు. నర్సింగ్, డాక్టర్ విభాగాలు కాకుండా మిగతా శాఖల్లో ఆఫీసర్లుగా 1992 నుంచి తీసుకుంటున్నారు. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు వాళ్లకు శాశ్వత కమిషన్, అంటే రిటైర్మెంట్ దాకా ఉద్యోగం, ఇవ్వాలంది. మిలిటరీ పోలీసులో 83 మంది మొదటి మహిళా జవాన్లు 2021 మేలో బెంగళూరులో శిక్షణ పూర్తి చేశారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) నుంచి మొదటి 17 మంది అమ్మాయిలు 2025 మే 30న పాసయ్యారు. మా వీధిలో పదో తరగతి చదివే ఒక పిల్ల పొద్దున్నే అబ్బాయిలతో కలిసి కాలవ గట్టు మీద పరిగెడుతోంది. దాన్ని ఆపకండని వాళ్ల నాన్నకు చెప్పాను.

అగ్నివీర్‌కు పెన్షన్ ఉందా? పంపమంటారా?

పెన్షన్ లేదు. గ్రాట్యుటీ లేదు. 2022 జూన్ 14న ప్రకటించిన ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్లు. బ్యాచ్‌లో 25 శాతం దాకా రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. మిగతావాళ్లు వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల సేవా నిధితో బయటికి వస్తారు. దాని మీద ఆదాయపు పన్ను లేదు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా. విధుల్లో ప్రాణం పోతే బీమాతో పాటు 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, సేవా నిధి ఇస్తారు. మామూలు జవాను కుటుంబానికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మాత్రం లేదు.

కొద్దికాలపు సర్వీసు కొత్తేం కాదు. తాతయ్యను యుద్ధం అయిపోగానే 1946లో ఇంటికి పంపేశారు. పెన్షన్ లేదు. నాన్న తొలి రోజుల్లో కూడా ఏడేళ్లు సర్వీసు, తర్వాత రిజర్వులో ఉండటం అనే పద్ధతి నడిచింది. కానీ తాతయ్యకు పెన్షన్ లేకపోవడం వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలుసు. ఎకరం అమ్ముకున్నారు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒకే గుంటలో ఒకే చలిలో నిలబడిన ఇద్దరిలో ఒకరి తల్లికి పెన్షన్ వచ్చి ఇంకొకరి తల్లికి రాకపోవడం న్యాయం కాదు. ప్రభుత్వం దీన్ని మార్చాలి.

పంపాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. పంపితే మాత్రం ఆ నాలుగేళ్లలో వాడి చేత డిగ్రీ పూర్తి చేయించండి, ఒక ట్రేడ్ సర్టిఫికెట్ చేతికి వచ్చేలా చూడండి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు కోటా ఉంది. మొదటి బ్యాచ్ నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతున్నాయి కాబట్టి నోటిఫికేషన్లు జాగ్రత్తగా చూసుకోండి.

రిటైరైనవాళ్ల పరిస్థితి మెరుగైందా?

బాగా మెరుగైంది. నాన్నకు ఒంట్లో బాగోకపోతే దూరంలో ఉన్న మిలిటరీ ఆసుపత్రే దిక్కు. 2003 ఏప్రిల్‌లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ వచ్చాక కార్డు చూపిస్తే చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో వైద్యం దొరుకుతోంది. ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్ 2014 జూలై 1 నుంచి వర్తించేలా 2015లో ఇచ్చారు. దానివల్ల నాన్న పెన్షన్ పెరిగింది.

పెన్షన్లకు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్ వచ్చాక పెద్దవాళ్లు ఒక్క విషయంలో తికమక పడుతున్నారు. ఏడాదికోసారి జీవన ప్రమాణ పత్రం ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది. పిల్లలు దగ్గరుండి చేయించండి. భార్య పేరు సర్వీసు రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఆయన ఉండగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి సరి చేయించండి. భర్త పోయాక ఆ ఒక్క అక్షరం కోసం తిరుగుతున్న పెద్దావిడలను నేను చాలామందిని చూశాను.

మా తాతగారు మిలిటరీలో పనిచేశారట. వివరాలు ఎలా తెలుసుకోవాలి?

ముందు ఇల్లు వెతకండి. అటక మీద నల్ల ట్రంకుపెట్టె ఉంటుంది, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు ఉంటాయి. ఆ నంబరే అన్నిటికీ తాళంచెవి. డిశ్చార్జి బుక్కు, మెడల్స్ దొరికితే ఇంకా మంచిది. మెడల్ అంచు మీద కూడా చాలాసార్లు నంబరు, పేరు చెక్కి ఉంటాయి. నంబరు దొరికాక ఆ శాఖ రికార్డ్స్ ఆఫీసుకు గానీ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి గానీ రాతపూర్వకంగా అడగండి.

ప్రపంచ యుద్ధాల్లో పోయి తిరిగి రానివాళ్లయితే, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడండి. రంగూన్ దగ్గర టౌక్యాన్‌లో, సింగపూర్ క్రాంజీలో సమాధి దొరకని వేలమంది పేర్లు రాతి మీద చెక్కి ఉన్నాయి. చాలామంది పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రికార్డులో ఉంటాయి. మన ఊళ్ల పేర్లను ఇంగ్లీషువాళ్లు చెవికి వినబడినట్టు రాశారు కాబట్టి నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకాలి. మా తాతయ్యతో రైలెక్కి బర్మా నుంచి తిరిగి రాని ఆయన పేరు నాకు ఆరో ప్రయత్నంలో దొరికింది. ప్రింటు తీసి వాళ్ల ఇంటికి పట్టుకెళ్లాను. వాళ్ల మనవడు దాన్ని ఫ్రేమ్ కట్టించి, ఫోటో లేని తాత కోసం గోడ మీద ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచిన చోట తగిలించాడు.